మూడు రాళ్ల సరస్సు తోడేళ్లు

రిజర్వు ఊరు,
జనవరి

హెక్టర్ బావకి,

బతికే ఉన్నావా? సరస్సు గడ్డకట్టాక ఒక్కసారైనా ఊళ్లోకి వస్తావనుకున్నాను. క్రిస్మస్‌కి నీకోసం దాచిన బానక్ రొట్టె చివరికి కుక్కకి పెట్టాను. అది కూడా మొహం చిట్లించింది. కాబట్టి నువ్వు పోగొట్టుకున్నదేమీ లేదులే.

మన పిన్ని కొడుకు వెస్లీ మంచుబండి మీద నీకు సరుకులు తెస్తున్నాడు కదా, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. టీ పొడితో పాటు ఇదీ ఇవ్వమన్నాను. దారిలో చదవడు. చదివే ఓపికే ఉంటే బడి మానేసేవాడు కాదు.

నిన్న ఊరి హాల్లో మన తెగవాళ్ల మీటింగు జరిగింది. కొండ మీద కారిబూ జింకల మంద ఇంకా తగ్గిపోయిందట. లెక్క చెప్పిన కారిన్ అనే పశువైద్యురాలు ఆ మాట అంటూ తల దించుకుంది. పుట్టిన దూడల్లో మొదటి మంచు చూసేవి ఒకటో రెండో. మిగిలినవన్నీ తోడేళ్ల పాలు. అందుకే ఈ మార్చిలో చూలు కారిబూలను పట్టి, కొండ మీద పెద్ద దడి కట్టి అందులో ఉంచుతారట. అక్కడే ఈని, దూడలకు పరుగు వచ్చాక వదులుతారు. మన ఆడవాళ్లం అడవంతా తిరిగి కొమ్మలకి వేలాడే తెల్లనాచు గోనె సంచుల్లోకి ఏరుతున్నాం, వాటి మేతకి. కాపలాకి నేనూ వెస్లీ పేరిచ్చాం.

అసలు సంగతి ఇది. దడి తెరిచిన రోజున కింద లోయలో తోడేళ్లు కాచుకుని ఉంటే ఈ పాటంతా వృథా. అందుకని ఈ చలికాలంలోనే లోయలోని తోడేళ్ల మందను తీసేయాలన్నారు. అంటే మూడు రాళ్ల సరస్సు మంద. నీ గుమ్మం ముందు తిరిగేది.

ఆ మాట రాగానే హాలంతా నా వైపు తిరిగింది. "మీ బావకి చెప్పు డెల్ఫీన్. ఆ లోయలో తోడేలు దగ్గినా ఆయనకి తెలుస్తుంది" అన్నారు.

చెప్పమన్నారు, చెప్పాను. ఏమంటావు?

నీ మరదలు,
డెల్ఫీన్


మూడు రాళ్ల సరస్సు,
ఫిబ్రవరి

డెల్ఫీ పిల్లకి,

బతికే ఉన్నాను. నీ రొట్టె తినలేదు కదా మరి.

ఆ పని నేను చెయ్యను. ఈ ముక్క ముందే చెప్పేస్తే తక్కిన ఉత్తరం తీరిగ్గా రాసుకోవచ్చు.

మీ అక్క చివరి శరదృతువు నీకు గుర్తుందా? ఆసుపత్రిలో ఆ తెల్లగోడలు చూడలేనంటే ఇక్కడికి తెచ్చేశాం. సాయంత్రమయ్యేసరికి కంబళి కప్పుకుని గుమ్మంలో కూర్చునేది. "హెక్టర్, వాళ్లు వచ్చే వేళయింది, టీ పెట్టు" అనేది. చుట్టాలు వస్తున్నట్టే. అవతలి గట్టు మీద అరుపు మొదలవగానే లవీనా మెడ సాగదీసి తనూ అరిచేది. ఊపిరి చాలేది కాదు, సగంలో తెగిపోయేది. ఆ సగం అరుపుకి కూడా జవాబిచ్చేది ఒక తోడేలు. నల్లది, రొమ్ము మీద తెల్లమచ్చ. అది రాళ్ల దాకా వచ్చి కూర్చునేది. నువ్వూ చూశావు. "అక్కా, దానికి నీ మొహమే వచ్చింది" అని నవ్వావు. అది విని లవీనా దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఆమె పోయిన రోజు సాయంత్రం కూడా అవి అరిచాయి. ఇటు నుంచి జవాబు కోసం చాలాసేపు ఆగి, మళ్లీ అరిచాయి. ఆ ఆగడం ఉంది చూశావూ, దాని గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

తప్పు తోడేలుదా చెప్పు? మా చిన్నప్పుడు తోడేళ్లూ ఉన్నాయి, కారిబూలూ ఉన్నాయి. తర్వాత కలప కంపెనీలూ చమురు కంపెనీలూ వచ్చి, కొండ అడుగు నుంచి నెత్తి దాకా గీత గీసినట్టు దారులు కొట్టాయి. పాత అడవిలో గుండెలోతు మంచులో ఈదుకుంటూ పోవాల్సిన తోడేలు ఇప్పుడు రోడ్డు మీద షికారు పోయినట్టు పోతోంది. దారి వేసినవాడిని వదిలేసి, నడిచినదాన్ని చంపమంటారా?

ఇంకెవరినైనా చూసుకోండి.

హెక్టర్


రిజర్వు ఊరు,
ఫిబ్రవరి

బావా,

నువ్వు రాసిందంతా నిజమే. ఒక్క మాట కూడా కాదనను. దారులు మళ్లీ అడవి కావాలంటే నా మనవరాళ్లు ముసలివాళ్లవ్వాలి. కారిబూలకు అంత వ్యవధి లేదు.

మాకు ఒక్కటే కారిబూ తోలు కోటు ఉండేది. అమ్మమ్మ కుట్టింది. ముందు అక్క తొడుక్కుంది, తర్వాత నేను. నా వంతు వచ్చేసరికి మోచేతుల దగ్గర బొచ్చు ఊడిపోయింది. అయినా ఎంత చలిలోనైనా ఆ కోటులో చెమట పట్టేది. అమ్మమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. "మంద దిగుతుంటే కొండే కదిలినట్టుండేదే" అనేది. అలాంటి మందని మనవాళ్లే, ఎవరూ చెప్పకుండానే, వేటాడటం మానేశారు. అమ్మ అప్పటికి పెళ్లికాని పిల్ల. నాకు ఈ వయసొచ్చింది, కారిబూ మాంసం రుచి ఎలా ఉంటుందో తెలియదు. మా మనవరాలు మొన్న బొమ్మ చూసి, "ఇది నిజంగా ఉండేదా?" అని అడిగింది. ఉండేదా అంది బావా, ఉందా అనలేదు.

నువ్వు చెయ్యకపోతే ఆగిపోతుందనుకోకు. సర్కారువాళ్ల హెలికాప్టర్ వస్తుంది. పైనుంచి కాలుస్తారు. వాళ్లకవి పేరూ ఊరూ లేని నల్లచుక్కలు. నువ్వైతే మన ఆచారం ప్రకారం పొగాకు పెట్టి, క్షమించమని అడిగి చేస్తావు. అక్క ఎలాగూ ఒప్పుకునేది కాదు. కానీ ఎవరో ఒకరు చెయ్యక తప్పదంటే, నిన్నే చెయ్యమనేది.

కోపం వస్తే రానీ. వెస్లీ ఉత్తరం తెచ్చినప్పుడు అతని మీద మాత్రం విసురుకోకు.

డెల్ఫీన్


మూడు రాళ్ల సరస్సు,
మార్చి

డెల్ఫీకి,

అయిపోయింది.

ఇనప ఉచ్చులను స్ప్రూస్ చెట్టు బెరడుతో ఉడకబెట్టి మనిషి వాసన పోగొట్టాను. వాటి దారులు నాకు తెలుసు, ఎక్కడ ఆగి మూత్రం పోస్తాయో కూడా తెలుసు. ఇన్నేళ్ల పొరుగువాణ్ణి కదా. అందుకే తొందరగా అయిపోయింది. ఇంకాస్త కష్టపడాల్సి వస్తే బాగుండుననిపించింది.

ప్రతిదాని దగ్గరా పొగాకు పెట్టాను. కారిబూల సంగతి చెప్పాను. విన్నాయో లేదో తెలియదు. తోళ్లు వెస్లీ బండిలో పంపుతున్నాను, హాల్లో ఇచ్చెయ్యి. నాకు ఒక్కటీ వద్దు.

సాయంత్రం అలవాటుగా రెండు కప్పుల టీ పెట్టి గుమ్మంలో కూర్చున్నాను. అవతలి గట్టు మీద ఏమీ లేదు. ఇక ఈ లోయలో అరవాలంటే నేనే అరవాలి.

మీ వాళ్లకి చెప్పు, సరస్సు మంద లేదని.

హెక్టర్


కొండ మీది దడి,
మే నెల చివర

బావా,

నీ ఉత్తరానికి ఏం రాయాలో తెలియక ఇన్నాళ్లు ఊరుకున్నాను. ఇప్పుడు రాయడానికి మంచి కబురు ఉంది.

ఈనాయి! మొదటిది మొన్న పొద్దున. దడి చుట్టూ కట్టిన నల్లగుడ్డ కన్నంలోంచి చూశాను. పుట్టిన కాసేపటికే లేచి నిలబడింది, కాళ్లు నాలుగూ నాలుగు దిక్కులకి. తల్లి గుర్రుమంటూ ముక్కుతో తోస్తోంది. అది రెండడుగులు వేసి బొక్కబోర్లా పడింది, మళ్లీ లేచింది. పక్కన చూస్తే వెస్లీ కళ్లు తుడుచుకుంటున్నాడు. "ఏంట్రా?" అంటే, "దోమ" అన్నాడు. ఈ చలిలో దోమలెక్కడివి?

ఇద్దరం రేకుల గుడిసెలో ఉంటున్నాం. వాడి గురకకు దడి అవతలి ఎలుగుబంట్లు కూడా పారిపోతాయి, అదొక లాభం. పొద్దునా సాయంత్రం తుపాకి భుజాన వేసుకుని కంచె చుట్టూ తిరిగి వస్తాం, కరెంటు తీగ తెగిందేమో చూసుకుంటాం. కారిన్ వారానికోసారి హెలికాప్టర్‌లో వస్తుంది. మన ఎండు మూస్ దుప్పి మాంసం రుచి మరిగింది. ఇక ఎప్పుడొచ్చినా ముందు మాంసం డబ్బా ఎక్కడుందో చూసి, తర్వాతే కారిబూలు ఎలా ఉన్నాయని అడుగుతుంది.

నాచు సంచి విప్పినప్పుడల్లా అక్క గుర్తొస్తుంది. చిన్నప్పుడు ఇదే నాచు గడ్డంలా అతికించుకుని, ముసలి పాస్టరులా ప్రసంగం చేసేది. అమ్మ చీపురు తీసుకుని వెంటపడితే, ఆ గడ్డంతోనే పరుగెత్తి సరస్సులో దూకింది. నీళ్లలోంచి గడ్డం లేకుండా లేచి, "పాస్టరుగారు మునిగిపోయారు, నేను ఆయన కూతుర్ని" అంది. అమ్మ కూడా నవ్వేసింది. బావా, ఈ దూడల్ని అక్క చూడాల్సింది.

నువ్వూ చూడాలి. రా ఒకసారి.

డెల్ఫీన్


మూడు రాళ్ల సరస్సు,
జూన్

డెల్ఫీ పిల్లకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పాస్టరు ముక్క నాలుగుసార్లు.

మీ అక్కని నేను మొదట చూసింది కూడా ఈ సరస్సు మీదే. మంచు కరగడం మొదలైంది, ఎవరూ దాటడం లేదు. నేను అవతల ఉన్నాను. ఆమె ఇవతల గట్టున నిలబడి, "ఓ పొడుగోడా, దాటగలవా? లేక ఎండాకాలం దాకా అక్కడే ఉంటావా?" అని అరిచింది. దాటాను. నడుము దాకా మునిగాను. మీ నాన్న నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, "వీడికి బుర్ర లేదు" అన్నారు. "అందుకే నాకు నచ్చాడు" అంది. నువ్వప్పుడు బల్ల కింద కూర్చుని అంతా వింటున్నావు. మర్నాడు ఊరంతా చాటావు.

రావాలనే ఉంది. పడవకి తారు పూయాలి, ఇంటి కప్పు కారుతోంది, ఏదో ఒకటి. చూద్దాం.

కంచె బయట జాడలేమైనా కనబడ్డాయా? ఊరికే అడుగుతున్నాను. కింది మూలన, వాగు వైపు, బాగా చూస్తూ ఉండు.

హెక్టర్


కొండ మీది దడి,
జూన్

బావా,

ఊరికే అడిగావు. నేనూ ఊరికే చెబుతున్నాను. జాడలు కనబడ్డాయి.

కింది మూలన, వాగు వైపే. ఒంటరి తోడేలు. కంచె పొడుగునా నడుస్తుంది, ఆగుతుంది, మళ్లీ నడుస్తుంది. లోపలికి రాలేదు, కానీ దాని వాసనకే తల్లులు బెదిరిపోయాయి. మొన్న పొద్దున ఒక్కసారిగా అన్నీ పరుగందుకున్నాయి, దడిలో గుండ్రంగా, ఆగకుండా. దుమ్ము అణిగాక చూస్తే ఒక దూడ పడి ఉంది. ముందురోజే పుట్టింది. వాటి కాళ్ల కింద నలిగిపోయింది. ఆ రోజు కారిన్ ఇక్కడే ఉంది. దూడ ముక్కుకి నోరు ఆనించి ఊదింది, రొమ్ము నొక్కింది, వెస్లీ ఇక చాలని చెయ్యి పట్టుకుని లాగేదాకా ఊదుతూనే ఉంది. తల్లి పక్కనే నిలబడి సాయంత్రం దాకా దాన్ని నాకుతూనే ఉంది. దగ్గరికి పోతే కొమ్ములతో వచ్చింది. దూడని మేం బయటికి తియ్యలేకపోయాం.

జాడల్లో ఒక వింత ఉంది. ఎడమ ముంగాలు సరిగా దిగడం లేదు. రెండు వేళ్ల గుర్తులే పడటం లేదు. పుట్టుకతో వచ్చినట్టు లేదు. ఇనుము నలిపిన కాలులా ఉంది. మా నాన్న నేర్పిన జాడల చదువు నేనింకా మరిచిపోలేదు.

ఈ లోయలో ఇనుము పెట్టింది నువ్వొక్కడివే. మార్చిలో నీ ఉచ్చులోంచి ఏదైనా తప్పించుకుందా, బావా?

డెల్ఫీన్


మూడు రాళ్ల సరస్సు,
జూన్ నెలాఖరు

డెల్ఫీ,

తప్పించుకోలేదు. నేనే వదిలాను.

చివరి ఉచ్చులో ఉంది. నల్లది, రొమ్ము మీద తెల్లమచ్చ. మూతి నెరిసిపోయింది. తక్కినవి నన్ను చూడగానే గింజుకున్నాయి, కొరకబోయాయి. ఇది పడుకునే ఉంది. నన్ను చూసి తోక కూడా కదపలేదు, చెవులు మాత్రం నా వెనక్కి పెట్టింది. నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనన్నట్టు. తుపాకి ఎత్తాను, దించాను. పిల్లా, నా చేతులు నేను చెప్పినట్టు వినలేదు.

కాన్వాసు గుడ్డ దాని మీద కప్పి, పంగల కర్రతో మెడ నొక్కి పట్టి ఉచ్చు తెరిచాను. వెనక్కి తిరిగి చూడకుండా కుంటుకుంటూ పోయింది. ఒంటరి ముసలిది, కుంటిది, ఏం చేస్తుందిలే అనుకున్నాను. మీకు మాత్రం మంద అయిపోయిందని రాశాను.

ఇప్పుడు అర్థమవుతోంది. మూస్‌ని తరమడానికి దానికి కాలూ లేదు, తోడూ లేదు. అందుకే, కదలలేని దూడలున్న చోటికి వచ్చింది. చంపి ఉంటే ఒక క్షణంలో పోయేది. నేను చూపిన జాలి దాన్ని ఆకలితో మీ కంచె దాకా నడిపించింది. ఆ దూడని కూడా నేనే తొక్కినట్టు.

నువ్వు కాల్చకు. ఇది నేను ముగించాల్సిన పని. పడవ సర్దుకుంటున్నాను. వాగు దాకా నీళ్ల మీద వచ్చి, అక్కడి నుంచి నడుస్తాను. నేను వచ్చేదాకా దాన్ని కంచె నుంచి తరుముతూ ఉండండి, చాలు.

హెక్టర్


కొండ మీది దడి,
జూలై

హెక్టర్ బావకి,

నీ ఉత్తరం హెలికాప్టర్‌లో వచ్చింది. కారిన్ తిరిగి వెళ్తూ ఈ జవాబుని నీ సరస్సు గట్టున దింపుతానంది. నువ్వు బయల్దేరకముందే అందాలి.

నీకు ఆ జాడల సంగతి రాసేసరికే, బావా, నేను ఆ తోడేలుని కాల్చేశాను.

దూడ పోయిన మర్నాడు పొద్దున్నే. పొగమంచు విడుతోంది. కింది మూల తిరిగేసరికి కంచె పక్కన పడుకుని ఉంది. లేచింది. పారిపోలేదు. డొక్కలు లోపలికి పోయి, బొచ్చు అట్టలు కట్టి ఉంది. అప్పుడు తెల్లమచ్చ చూశాను. ఎవరో వెంటనే తెలిసింది.

అక్క అరిచినట్టు అరిచి దాన్ని దూరంగా పంపించేద్దామని ఒక్క క్షణం అనిపించింది. లోపల దూడ లేని ఆ తల్లి ఇంకా గుర్రుమంటూనే ఉంది, పిలుస్తూ. కాల్చాను. ఒక్క గుండుతో పోయింది.

కాల్చాక అరిచాను. ఎందుకో తెలియదు. వెస్లీ లోపలి పంట్లాంతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఎవరే ఏడ్చేది?" అన్నాడు. "ఎవరూ లేరు. పోయి టీ పెట్టు" అన్నాను. వాడు తోడేలుని చూశాడు, నన్ను చూశాడు. తన చొక్కా విప్పి నా భుజాల మీద కప్పి వెళ్లాడు. వాడిని ఇన్నేళ్లూ మొద్దబ్బాయి అన్నందుకు సిగ్గేసింది.

మరి ఎందుకు అడిగావు అంటావు. నీ చేత చెప్పించాలని కాదు. చచ్చిపోయిందని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు అబద్ధమాడి, ఏదీ తప్పించుకోలేదని రాసి ఉంటే, నేనూ ఊరుకునేదాన్ని. జీవితాంతం. నువ్వు నిజం రాశావు. నేనూ రాస్తున్నాను.

దాన్ని కింది మూలలోనే ఒక పెద్ద స్ప్రూస్ చెట్టు కింద పెట్టాం. తోలు తియ్యనివ్వలేదు. మొహం నీ సరస్సు వైపు తిప్పాను.

నువ్వు ఎలాగూ పడవ సర్దావు కదా. వచ్చేయ్. నెలాఖరులో దడి తెరుస్తాం.

డెల్ఫీన్


మూడు రాళ్ల సరస్సు,
సెప్టెంబరు

డెల్ఫీ పిల్లకి,

కొండ దిగి వచ్చినప్పటి నుంచి రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఆ చెట్టు దగ్గర నేను పొగాకు పెట్టినప్పుడు నువ్వు ఏమీ అనలేదు, నేనూ అనలేదు. తర్వాత ఇద్దరం కంచెకి ఆనుకుని ఒకే సీసాలోంచి జామ్ తిన్నాం. అదే నయమయింది. మాట్లాడి ఉంటే ఇద్దరిలో ఎవరో ఒకరు క్షమాపణ చెప్పేవాళ్లం. రెండోవాళ్లకి ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

దడి తెరిచిన రోజుని తలుచుకుంటూనే ఉన్నాను. గుడ్డ తీసేశాం, దారి బార్లా ఉంది, ఒక్కటీ కదలదు. వెస్లీ నా చెవిలో, "వీటికి మన వంట నచ్చినట్టుంది" అన్నాడు. నువ్వు వాడి కాలు తొక్కావు. అప్పుడు దూడని పోగొట్టుకున్న తల్లే ముందు అడుగు వేసింది. దాని వెనక తక్కినవి, వాటి వెనక దూడలు. వాటి చీలమండలు టక్కుటక్కున మోగుతుంటే, ఎవరో గదిలో నెమ్మదిగా వేళ్లు విరుచుకుంటున్నట్టుంది. చివరి దూడ గుమ్మం దగ్గర ఆగి, గాల్లోకి ఒక్క గంతు వేసి పోయింది. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. నీకు గుర్తుండకపోవచ్చు, గోళ్ల గుర్తులు మాత్రం చాలారోజులున్నాయి.

ఇప్పుడు రెండు కబుర్లు.

ఈ పొద్దున నీళ్లకి వెళితే ఇసుకలో గిట్టల గుర్తులు. వెడల్పుగా, గుండ్రంగా, వెనక చిన్న గిట్టలు కూడా పడి ఉన్నాయి. ఒకటి పెద్దది, పక్కన చిన్నది. కారిబూ, దాని దూడ. నీళ్లు తాగి, గట్టు పొడుగునా నడిచి, మా పడవ చుట్టూ తిరిగి పైకి పోయాయి. నేను ఈ సరస్సుకి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారీ ఇక్కడ వాటి జాడ చూడలేదు. బిందె కింద పెట్టి అక్కడే ఇసుకలో కూర్చున్నాను. మీ మనవరాలికి చెప్పు, ఉందని.

రెండోది. నిన్న సాయంత్రం అవతలి గట్టు వెనక రెండు గొంతులు విన్నాను. కొత్తవి, లేతవి. ఏ లోయ నుంచి వచ్చాయో, ఇక్కడ తోడేళ్లు లేక ఖాళీగా ఉందని తెలిసినట్టుంది. వినగానే కాళ్లు వాటంతటవే గుమ్మం దాకా నడిచాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. గుమ్మంలో నిలబడ్డాక, ఆ సంతోషం ఎవరికి ముప్పో గుర్తొచ్చింది.

రాత్రంతా ఆలోచించాను. మంచు పడ్డాక మళ్లీ ఉచ్చులు ఉడకబెట్టాలి. వచ్చే ఏడూ అంతే. దారుల్లో చెట్లు పెరిగేదాకా అంతే, అప్పటికి నేను ఉండను. చేస్తాను. కానీ ఒక్కణ్ణే చెయ్యను డెల్ఫీ. ఒంటరిగా ఉంటే మనిషి తనకి తోచింది చేసి, ఇంకోటి రాస్తాడు. పక్కన నువ్వుంటే నా చేతులు వణికినప్పుడు చూస్తావు. నీవి వణికితే నేను చూస్తాను.

నవంబరులో వచ్చేయ్. కప్పు కారడం ఆగింది. చేతితొడుగులు మాత్రం నీవి నువ్వే తెచ్చుకో. మీ అక్కవి ఉన్నాయిగానీ, అవి నేను వేసుకుంటున్నాను.

నీ బావ,
హెక్టర్